పదకొండు పాస్‌పోర్టుల పార్సిల్

నన్ను డిజిటల్ అరెస్టు చేసిన సోమవారం ఉదయం నేను చింతపండులో గింజలు తీస్తున్నాను. పదకొండు గంటలైంది. ఫోన్ మోగితే ఎత్తాను. ముంబైలో ఏదో పోలీసు ఆఫీసట. నా పేరు మీద ఒక పార్సిల్ బుక్ అయిందట, అందులో దొంగ పాస్‌పోర్టులు దొరికాయట, ఒప్పుకుంటున్నానా అట. వెంటనే వీడియో ఆన్ చేయాలట, ఫోన్ పెట్టేస్తే వారెంటు పంపిస్తారట.

ఇలాంటి వాళ్లను తిట్టడం నాకు సరదా. దాచడం దేనికి, రిటైరయ్యాక నాకు మిగిలిన సరదా అదొక్కటే. ముప్ఫై ఆరేళ్లు రైల్వేలో పాస్ సెక్షన్‌లో పనిచేశాను. రైల్వేవాళ్లకు, వాళ్ల పెళ్లాం పిల్లలకు ఏడాదికి ఇన్నిసార్లని ఉచిత ప్రయాణం ఉంటుంది. ఆ పాసులు రాసిచ్చేది మేమే. కిటికీకి అవతల డ్రైవర్లు, ఫిట్టర్లు, గ్యాంగ్‌మెన్లు, ఇవతల నేను. ఫారంలో ఒక్క గడి తప్పుగా నింపినా కిటికీలోంచి బయటికి విసిరేసేదాన్ని. వెనకాల నాకు ఏం పేరు పెట్టారో నాకు తెలుసు, ఇక్కడ రాయను. అలాంటి ఉషారాణికి ఎవడో ఫోన్ చేసి పోలీసునంటే ఊరుకుంటుందా? అంతకు ముందు వారమే ఒకణ్ణి హిందీలో, ఇంకొకణ్ణి ఇంగ్లీషులో ఉతికి ఆరేశాను.

కానీ ఈ కుర్రాడు తెలుగులో మాట్లాడుతున్నాడు. విజయవాడ తెలుగు కాదు, హైదరాబాదు తెలుగు కాదు, శ్రీకాకుళం తెలుగు కూడా కాదు. "మీరు పరేషాన్ అవ్వకండి మేడమ్. అచ్ఛా, ముందు పార్సిల్లో ఏటుందో వినండి" అన్నాడు. ఇది మా బిలాస్‌పూర్ తెలుగు. మా తాతలు రైలు పట్టాల పనికి వస్తూ విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి తెచ్చుకున్న మాట ఇక్కడి హిందీలో నాని నాని ఇలా తయారైంది. మా రైల్వే కాలనీల్లో తప్ప ఇంకెక్కడా ఎవరూ ఇలా మాట్లాడరు. నోటిదాకా వచ్చిన తిట్టు ఆగిపోయింది.

వీడియోలో ఖాకీ చొక్కా భుజం, వెనకాల గోడకు ఒక జెండా కనిపిస్తున్నాయి గానీ మొహం కనిపించడం లేదు.

"పార్సిల్ రూట్ చదువుతున్నాను, రాసుకోండి మేడమ్" అన్నాడు. "బిలాస్‌పూర్ నుంచి. వయా హౌరా, బ్యాంకాక్. బ్రేక్ జర్నీ మే సోట్. అక్కణ్ణుంచి నది దాటింది. అడ్రస్, నాలుగు వందల పద్దెనిమిది బై బి, కన్‌స్ట్రక్షన్ కాలనీ."

పార్సిల్‌కి బ్రేక్ జర్నీ ఏమిటి? దారిలో ఒక స్టేషన్‌లో దిగి, పని చూసుకుని, మళ్లీ బండెక్కే మనిషికి ఉంటుంది బ్రేక్ జర్నీ. పాస్ ఫారంలో దానికొక గడి ఉంటుంది. ఇక ఆ అడ్రస్ సంగతి. మా ఊళ్లో మనిషికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఎంతో, క్వార్టర్ నంబరు అంత. కొత్తవాడు కనిపిస్తే ఎవరబ్బాయివి, ఏ క్వార్టర్ అని అడిగాకే కూర్చోమంటాం. నాలుగు వందల పద్దెనిమిది బై బి లోకో షెడ్ ఫిట్టర్ అమ్మన్నది. అమ్మన్నకు ఇంగ్లీషు రాదు. అందుకని అతని ఫారాలు కొడుకు దిలీప్ నింపేవాడు, ఐదో క్లాసు నుంచీ. మునివేళ్ల మీద నిలబడి కిటికీలోంచి అందించేవాడు. మూడుసార్లు విసిరికొట్టాను. నాలుగోసారి నుంచి వాడి ఫారంలో ఒక్క గడి తప్పు పోలేదు. అమ్మన్న చనిపోయి, ఇంటివాళ్లు ఆ క్వార్టర్ ఖాళీ చేసి నాలుగేళ్లయింది. దిలీప్ రైల్వే పరీక్షలు రాసి రాసి విసిగిపోయి, ఎనిమిది నెలల కిందట బ్యాంకాక్‌లో కంప్యూటర్ ఉద్యోగమని వెళ్లాడు.

"ఎవరబ్బాయివి బాబూ?" అని నా నోట అలవాటుగా వచ్చేసింది.

ప్రశ్నలు అడగాల్సింది తామేనని, రేపు సరిగ్గా పదకొండింటికి మళ్లీ చేస్తానని, ఎవరికీ చెప్పొద్దని గడగడా అప్పజెప్పాడు. చివర్లో మాత్రం గొంతు తగ్గింది. "ఫోన్ తప్పకుండా ఎత్తండి మేడమ్."

చింతపండు చేతులతోనే ప్రత్యూషకు ఫోన్ చేశాను. ప్రత్యూష పాస్ సెక్షన్‌లో నా పక్క సీటు మనిషి కూతురు, ఇప్పుడు సైబర్ పోలీసుల్లో ఎస్సై. కాలనీలోనే పుట్టింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు, రాసుకోవాల్సిందంతా హిందీలో రాసుకుంటుంది. ఆ మధ్యాహ్నమే చుడీదార్‌లో, చేతిలో టిఫిన్ డబ్బాతో, చుట్టపుచూపుగా వచ్చినట్టు రాజ్‌కిశోర్ నగర్‌లోని మా ఇంటికి వచ్చింది.

నేను చెప్పిందంతా విని, మే సోట్ సరిహద్దు ఊరని, అక్కడి నది దాటితే వేరే దేశమని, దిలీప్ ఉన్నది అక్కడ గోడలు కట్టిన చోటని చెప్పింది. ఉద్యోగమని తీసుకెళ్లి పాస్‌పోర్టులు లాక్కుంటారట, పేర్లు తీసేసి నంబర్లతో పిలుస్తారట. ఎవరి భాష వాళ్లకిచ్చి, కాగితం మీద రాసిచ్చిన మాటలతో సొంత దేశం వాళ్లను మోసం చేయిస్తారట. రోజుకు ఇంతమందిని పట్టకపోతే కొడతారు, అయినా లొంగకపోతే ఇంకో చోటికి అమ్మేస్తారు. ఫోన్ మాట్లాడుతున్నంతసేపూ భాష తెలిసిన ఇంకొకడు పక్కన చెవి వేసి ఉంటాడు. ఇంటికి మెసేజ్ పెట్టాలన్నా వాళ్లు చెప్పిందే పెట్టాలి.

అప్పుడు నాకు అర్థమైంది. దిలీప్ స్వేచ్ఛగా మాట్లాడగలిగేది మోసం చేయబోయే మనిషితోనే. అందుకని మోసం చేయాల్సిన వాళ్ల జాబితాలో నా నంబరు వాడే ఎక్కించాడు. వాళ్లిచ్చిన కాగితంలోనే నాకు తెలిసిన గడులు పెట్టి నింపుతున్నాడు. ఈ ఊళ్లో ఆ గడులు చూడగానే పోల్చేది నేనొక్కదాన్నేనని వాడికి తెలుసు.

నేను భయపడ్డ ముసలమ్మలా నటించాలి. రేపో మాపో నా రిటైర్మెంటు డబ్బు వాళ్ల చేతికి వస్తుందన్న ఆశ ఉన్నంతకాలం దిలీప్‌ను ఈ ఫోన్ మీదే ఉంచుతారు, కొట్టరు. ప్రత్యూష రెండు షరతులు పెట్టింది. ఒకటి, దిలీప్ తల్లి చిన్నతల్లికి అప్పుడే చెప్పకూడదు. దిలీప్‌ను పంపిన ఏజెంటు చిరంజీవి రోజూ ఆ ఇంటికి వచ్చిపోతుంటాడు, ఆమె మొహం చూసి పసిగట్టేస్తాడు. రెండోది నాకు కష్టమైనది.

"గుస్సా వద్దు ఆంటీ. మీరు ఇక్కడ ఒక్క మాట తిట్టినారంటే అక్కడ ఆ దెబ్బ దిలీప్‌కి పడతాది."

సరే అన్నాను. ఒక్క సంగతి మాత్రం ప్రత్యూషకు చెప్పలేదు. ఏజెంటు పేరు వినగానే నాకు ఏం గుర్తొచ్చిందో చెప్పలేదు.

ఆ సంగతి ఇప్పుడు చెబుతాను. కిందటి దసరా రోజుల్లో మావాళ్ల పూజ పందిట్లోకి చిరంజీవి వచ్చాడు. తెల్ల బూట్లు, చేతిలో రెండు ఫోన్లు. విదేశాల్లో ఉద్యోగాలు వేయిస్తానన్నాడు. ఆడవాళ్లు అలవాటు ప్రకారం ఎవరబ్బాయివని అడిగారు. డ్రైవర్ సూర్యం మనవణ్ణని చెప్పాడు. అందరూ నా వైపు చూశారు. చూడరా మరి? పాస్ సెక్షన్ ఉషారాణి తలలో కాలనీ మొత్తం ఉంటుంది కదా. నేను కళ్లు మూసుకుని అప్పజెప్పాను. డ్రైవర్ సూర్యం, క్వార్టర్ తొంభై ఆరు బై ఎ. అతని రెండో కొడుకు గార్డు, ఆ గార్డు పాస్‌లో మూడో పేరు చిరంజీవి. పుట్టిన తేదీ కూడా చెప్పాను. పందిట్లో వాళ్లందరూ నవ్వారు, వాడు నా కాళ్లకు దండం పెట్టాడు. "మన పిల్లాడే" అన్నాను, గర్వంగా అన్నాను. ఆ తర్వాత ఏ గుమ్మంలో నిలబడ్డా వాడు, ఉషారాణి ఆంటీని అడగండి అనేవాడట. అడిగిన వాళ్లకు నేనూ అదే చెప్పాను.

నా లెక్క తప్పలేదు. వాడు నిజంగా సూర్యం మనవడే. ఎవరి మనవడో చెప్పడమే నాకు తెలుసు, వాడెలాంటివాడో అని నన్నెవరూ అడగలేదు, నాకూ తోచలేదు.

మంగళవారం పదకొండింటికి ఫోన్ వచ్చింది. ప్రత్యూష వీడియోలో పడకుండా నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుని నోట్‌బుక్ తెరిచింది. నా జన్మలో నేనంత మెత్తగా మాట్లాడింది లేదు. సార్ సార్ అన్నాను. ఒంటరిదాన్ని సార్, బీపీ ఉంది సార్ అన్నాను. దిలీప్ కాగితం చదవడం మొదలుపెట్టాడు. పార్సిల్‌లో పదకొండు పాస్‌పోర్టులు దొరికాయని, ఆ పేర్లు నాకు తెలుసో లేదో చెప్పాలని, ఒక్కొక్కటే చదివాడు.

మొదటి పేరు వాడిదే. రెండో పేరూ మా కాలనీదే. మూడో పేరు, నాలుగో పేరు. ఎనిమిది మంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. ప్రతి పేరుకూ నా తలలో క్వార్టర్ నంబరు దానంతటదే వచ్చి పక్కన నిలబడింది. అందరూ ఒకప్పుడు తండ్రుల పాసుల్లో నేను నా చేత్తో పేరు రాసిన పిల్లలే. ప్రత్యూష హిందీలో గబగబా రాసుకుంటోంది. తెలుసా మేడమ్, తెలుసా మేడమ్ అని దిలీప్ ప్రతి పేరు దగ్గరా అడిగాడు. తెలుసు సార్ అని పదకొండుసార్లు అన్నాను.

మధ్యలో వెనకనుంచి ఇంకో గొంతు వినిపించింది. కోస్తా యాస. ముసలిదాన్ని నానబెట్టక త్వరగా తెమల్చరా అన్నాడు. ముసలిదాన్నా! నా నెత్తికి రక్తం ఎక్కింది. వాడి అమ్మనీ అబ్బనీ తలుచుకోబోయాను. ప్రత్యూష నా మోకాలు పట్టుకుని గోళ్లు దిగేలా నొక్కింది. మింగేశాను. జీవితంలో అన్నం ముద్దల కంటే కష్టంగా మింగింది అదొక్కటే.

"పన్నెండో పాస్‌పోర్టు ఇంకా డిస్పాచ్ కాలేదు మేడమ్" అన్నాడు దిలీప్. "గురువారం పొద్దున్న హౌరా బండికి బుకింగ్. పేరు శ్రీవల్లి. అడ్రస్ అదే, నాలుగు వందల పద్దెనిమిది బై బి. దయచేసి కో-ఆపరేట్ చెయ్యండి మేడమ్."

శ్రీవల్లి వాడి చెల్లెలు. ఇరవై ఏళ్లు. పిల్లాడు నన్ను కాపాడండి అనడానికి ఫోన్ చేయలేదు. దాన్ని ఆపమని చేశాడు.

ఫోన్ పెట్టేశాక ప్రత్యూష చాలాసేపు నోట్‌బుక్ మూయలేదు. దిలీప్ చేతే తల్లికి మెసేజులు పెట్టించి ఉంటారంది, ఉద్యోగం బాగుంది, చెల్లినీ పంపించమ్మా అని. తమ్ముడినో చెల్లినో రప్పించమని వేలు విరిచి మరీ రాయిస్తారట. తరువాత తన ఆలోచన చెప్పింది. గురువారం పొద్దున శ్రీవల్లిని స్టేషన్‌కి రానివ్వాలి. ప్లాట్‌ఫారం మీద చిరంజీవిని ఆ పిల్లతో, టిక్కెట్లతో సహా పట్టుకోవాలి. అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరికీ తెలియకూడదు. కేసు గట్టిగా నిలబడాలంటే ఇదే దారి.

ఆమె చెప్పింది తప్పు కాదు. పోలీసుగా ఆమె లెక్క ఆమెది. కానీ బండి కదిలే హడావుడిలో ఒక్క అడుగు తేడా వస్తే? పదకొండు మందిని పంపించాను. పన్నెండోదాన్ని ప్లాట్‌ఫారం దాకా కూడా పంపనని చెప్పాను. ఎందుకంత పట్టుదల ఆంటీ అని అడిగింది. అప్పుడు చెప్పాను, పందిట్లో జరిగిందంతా. ప్రత్యూష నోట్‌బుక్‌లో ఇంకో పేజీ తిప్పి, దసరాలో ఏ రోజు ఆంటీ అని మాత్రం అడిగింది. చెప్పాను, రాసుకుంది. తల్లికి చెప్పండి గానీ కూతురు మాత్రం ఎప్పటిలాగే సామాను సర్దుతున్నట్టు కనిపించాలని, చిరంజీవి ఒక్కడే స్టేషన్‌లో ఎదురుచూసేలా చేద్దామని ఒప్పుకుంది.

బుధవారం పొద్దున్నే ఆటో ఎక్కి మా ఊరి అర్పా వంతెన దాటి తోర్వా పేటలో చిన్నతల్లి అద్దె ఇంటికి వెళ్లాను. ఇంటి మధ్యలో కొత్త సూట్‌కేసు తెరిచి ఉంది. శ్రీవల్లి దర్జీ దగ్గరికి వెళ్లిందట. చిన్నతల్లి ఆవకాయ సీసాకు ప్లాస్టిక్ కవరు చుట్టి దారంతో కడుతోంది. నన్ను చూసి దొంగలా నవ్వింది.

"దిష్టి తగుల్తాదని ఎవలికీ చెప్పలేదప్పా. విమానం ఎక్కినాక నీకే ముందు చెప్దామనుకున్నాను" అంది. మాలో అక్కను అప్పా అంటాం. ఆ ఆవకాయ దిలీప్‌కట. వాడికి అక్కడి తిండి పడడం లేదేమో, ఫొటోలో చిక్కిపోయినట్టున్నాడంది.

నేను కూర్చోకుండానే చెప్పేశాను. గోడలు, పాస్‌పోర్టులు, పార్సిల్ పేరుతో కొడుకు పడుతున్న పాట్లు. మెల్లగా చెప్పడం నాకు చేతకాదు. చిన్నతల్లి మొదట నవ్వింది. తరువాత ఫోన్ తీసి కొడుకు మెసేజులు ఒక్కొక్కటే చూపించింది. అంతా బాగుంది, ఏసీ గది, మంచి స్నేహితులు, వల్లిని పంపించు. నిజంగా వాడే రాశాడు అప్పా, అమ్మా అని కాకుండా మమ్మీ అని రాస్తాడు వాడు, చూడు అంది. వాడే రాశాడు చిన్నతల్లీ, వాడి చేత రాయించారు అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. నా బిడ్డలు బాగుపడుతుంటే నీకేటి బాధ అని అడిగింది. ఆ తరువాత అడగాల్సినది అడిగింది.

"నువ్వే కదప్పా చెప్పినావు, మన పిల్లాడే అని? నువ్వు చెప్పినాకే కదా నా కొడుకుని పంపినాను?"

ముప్ఫై ఆరేళ్ల ఉద్యోగంలో తప్పు నాది అని నేను ఒక్క కాగితం మీద రాయలేదు. ఎవరి పాస్‌లోనైనా పొరపాటు దొర్లితే ఫారంలోనే అలా ఉందని బుకాయించేదాన్ని. ఆఫీసర్ల ముందు కూడా అంతే. ఇప్పుడు బుకాయించడానికి ఫారం లేదు. ఎదురుగా ఆవకాయ సీసా పట్టుకున్న తల్లి ఉంది.

"తప్పు చెప్పాను చిన్నతల్లీ" అన్నాను.

"ఏటి?"

"నేను తప్పు చెప్పాను. వాడు ఎవరి మనవడో చెప్పాను గానీ వాడి గురించి నాకేమీ తెలియదు. తెలిసినట్టు చెప్పాను."

చిన్నతల్లి నేల మీద చతికిలబడింది. ఏడవలేదు. దారం విప్పింది, కవరు విప్పింది, సీసాను తీసుకెళ్లి వంటింటి గూట్లో పెట్టి వచ్చింది. సూట్‌కేసులోంచి కూతురి బట్టలు ఒక్కొక్కటీ తీసి మంచం మీద పెట్టింది. ఎవరైనా వస్తే కనిపించాలని మూత మాత్రం తెరిచే ఉంచమన్నాను, ఉంచింది. నా మొహం చూడకుండానే, వాడి గొంతు వినాలంది. మళ్లీ అప్పా అనలేదు.

ఆ రోజు పదకొండింటి ఫోన్‌లో కోస్తా గొంతువాడే ఎక్కువ మాట్లాడాడు. శుక్రవారం లోపల డబ్బు పంపకపోతే మా ఇంటికి పోలీసులొస్తారన్నాడు. బ్యాంకులో ఆలస్యమవుతోంది సార్, ఇంకొక్క రోజు సార్ అని కాళ్లా వేళ్లా పడ్డాను. దిలీప్ గొంతు ఒక్కసారే వినిపించింది. రేపు కూడా కాల్ చేస్తాను మేడమ్ అన్నాడు.

గురువారం పొద్దున్న హౌరా బండి వచ్చే ముందు ప్రత్యూష మనుషులు చిరంజీవిని ప్లాట్‌ఫారం మీద పట్టుకున్నారు. చేతిలో రెండు టిక్కెట్లు, జేబులో శ్రీవల్లి పాస్‌పోర్టు. నేను మంచి కుటుంబం వాణ్ణి, కావాలంటే ఉషారాణి ఆంటీని అడగండి అన్నాడట. ప్రత్యూష ఆ మాట నాకు చెప్పకుండా దాచేయగలిగేది. దాచలేదు, నేనూ ఆమెను తప్పుపట్టను.

పదింటికే చిన్నతల్లి మా ఇంటికి వచ్చింది. మంచినీళ్లిస్తే తీసుకోలేదు. చిరంజీవి పట్టుబడిన కబురు నది దాటడానికి ఎంతోసేపు పట్టదని, బహుశా ఇదే చివరి ఫోన్ కావచ్చని ప్రత్యూష చెప్పింది. ఏం జరిగినా చప్పుడు చేయకూడదని చిన్నతల్లి చేత ఒట్టు వేయించుకుంది. వీడియోలో పడకుండా ఆమెను నా కుర్చీకి అటు వైపు కూర్చోబెట్టాం.

పదకొండు దాటి ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. ఫోన్ మోగింది.

ఖాకీ భుజం, జెండా. "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్న గొంతు వినగానే చిన్నతల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. దిలీప్ కాగితం చదవడం మొదలుపెట్టేలోపు నేనే అందుకున్నాను.

"సార్, మీరు చెప్పిన గురువారం బుకింగ్ క్యాన్సిల్ చేయించేశాను. పాస్ సరెండర్ అయిపోయింది. పన్నెండోది ఇంట్లోనే ఉంది సార్. ఎక్కడికీ వెళ్లదు."

ఖాకీ భుజం కదిలింది. పైకి లేచి, మెల్లగా కిందికి దిగింది. అంత పెద్ద ఊపిరి ఎన్నాళ్ల నుంచి బిగబట్టాడో. చిన్నతల్లి చెయ్యి చాచి, ఫోన్ వెనకవైపు, కొడుకు కంటికి కనిపించని చోట అరచెయ్యి ఆనించి పట్టుకుంది. ఆ చెయ్యి వణుకుతుంటే వీడియో కూడా వణికింది. వాడు చూసే ఉంటాడు. నా చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయని కూడా చూసే ఉంటాడు.

"అచ్ఛా" అన్నాడు, చాలా చిన్నగా. వెనకనుంచి ఎవడో కసిరాడు. దిలీప్ మళ్లీ కాగితం అందుకున్నాడు. మొదటి రోజు చదివిన మాటే, వాళ్లు ఫోన్ ఎత్తిన ప్రతివాళ్లతోనూ చెప్పే మాటే.

"మిగతా పదకొండు పాస్‌పోర్టుల పార్సిల్ మీ పేరు మీద బుక్ అయింది మేడమ్. ఒప్పుకుంటున్నారా?"

సోమవారం ఆ మాట విని నాకు నవ్వొచ్చింది. అది వాడు కావాలని అడిగాడో, కాగితంలో ఉంది కాబట్టి చదివాడో నాకు ఈ రోజుకీ తెలియదు. వాడికి పందిరి సంగతి తెలుసు. ఆ రోజు పందిట్లో తల్లి పక్కన వాడూ ఉన్నాడు.

"ఒప్పుకుంటున్నాను బాబూ. నేనే బుక్ చేశాను."

ప్రత్యూష పెన్ను ఆపి నా వైపు చూసింది. రాయమ్మా, అది కూడా రాయి అన్నాను. ఈలోగా అటు వైపు కుర్చీ పడ్డ చప్పుడు, గబగబా వేరే భాషలో అరుపులు. జెండా అడ్డదిడ్డంగా కనిపించింది. ఒక్క క్షణం వాడి మొహం కనిపించింది. గడ్డం, కంటి కింద కమిలిన నల్లటి మచ్చ. అంతే, ఫోన్ ఆగిపోయింది.

శుక్రవారం ఫోన్ రాలేదు. శనివారం రాలేదు. ఇప్పటికి పదిహేడు రోజులైంది. దిలీప్‌ను ఇంకో చోటికి మార్చి ఉంటారని ప్రత్యూష అంటుంది. మార్చారు అంటే ఉన్నాడనే కదా అని నేనడిగితే, అవునాంటీ అని తల దించుకుంటుంది. చిన్నతల్లి రోజూ పదిన్నరకు వస్తుంది. ఫోన్ ముందు కూర్చుంటుంది, పన్నెండింటికి లేచి వెళ్లిపోతుంది. నాతో మాట్లాడదు. నేను పక్కన కూర్చుని ఏ బియ్యమో, పప్పో ఏరుకుంటాను. మధ్యలో ఏదైనా ఫోన్ మోగితే ఇద్దరం ఒక్కసారే చెయ్యి చాస్తాం.

పదకొండు పేర్లతో ఫైలు కట్టి ఢిల్లీ నుంచి ఎంబసీకి పంపించాలట. ఒక్కొక్కరి పాస్‌పోర్టు జిరాక్సు, ఇంటివాళ్ల సంతకం కావాలి. దిలీప్ కాగితాలు ముందే ఇచ్చేశాం, పది ఇళ్లు మిగిలాయి. చిరంజీవి పట్టుబడ్డ కబురు కాలనీలో ఇంకా పొక్కలేదు, అందులో చాలా ఇళ్లవాళ్లు పిల్లలు ఏసీ గదుల్లో ఉన్నారనే ఇంకా అనుకుంటున్నారు. కానిస్టేబుల్‌ను పంపిస్తానంది ప్రత్యూష. వద్దన్నాను. బుక్ చేసిందాన్ని నేను, ఇంటింటికీ కానిస్టేబుల్ తిరగడమేమిటి?

నిన్న మొదటి ఇంటికి వెళ్లాను. క్వార్టర్ ఇరవై ఏడు బై సి. ఆ ఇంటి ఆడపిల్ల జాబితాలో ఆరో పేరు. తలుపు తీసిన తల్లి మొహం నన్ను చూసి విప్పారింది. లోపలికి కేకేసి ఉషారాణి ఆంటీ వచ్చారు, టీ పెట్టండంది. రెండు వారాల నుంచీ చిరంజీవి ఫోన్ ఎత్తడం లేదు, మీకైతే తెలిసే ఉంటుందని గోడవారనున్న కుర్చీ లాగి, దాని మీది ధూళి కొంగుతో తుడిచింది.

"కుర్చీ అక్కడే ఉండనియ్యమ్మా" అన్నాను. "ముందు నేను చెప్పేది విను. విన్నాక నన్ను కూర్చోమనాలో వద్దో నువ్వే చెప్దువుగాని."